జంషెడ్‌పూర్‌లో న్యూసెన్స్ ఎవరు?

తెలుగువాళ్లకు న్యూసెన్స్ కేసు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. తోపుడు బండివాడు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు, బస్టాండు వెనక గోడ దగ్గర నిలబడ్డవాడు, పందులు మేపుకునే ఎరుకల కుటుంబం... ఆ కేసు ఎవరి మీద రాస్తారో ప్రతి పట్టణానికీ తెలుసు. 1889లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన పట్టణ న్యూసెన్సుల చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆంధ్ర ప్రాంతంలో కొనసాగింది. ఫ్యాక్టరీ కాలువలోకి వదిలే రసాయనం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ‘న్యూసెన్స్ కేసు’ అనే మాట మన నోటికి రాదు. చట్టం దృష్టిలో అదీ న్యూసెన్సే. వాడుకలో ఆ మాట మనుషుల్ని, అందులోనూ కొందరు మనుషుల్నే వెతుక్కుంటుంది. ఈ వెతుకులాట ఎలా సాగుతుందో చూడడానికి జంషెడ్‌పూర్ కంటే మంచి ఊరు నాకు తెలియదు. నేను పుట్టి పెరిగిన ఊరని మాత్రమే ఈ మాట అనడం లేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. మా వైపు వాళ్లు జంషెడ్‌పూర్ అనరు, ‘టాటా’ అంటారు. ‘టాటాలో ఉన్నాడు’ అంటే కంపెనీలో ఉన్నాడనీ, ఊళ్లో ఉన్నాడనీ రెండర్థాలూ వస్తాయి. ఆ రెండింటినీ విడదీయలేకపోవడమే ఈ ఊరి పరిపాలన చరిత్ర కూడా. 1907లో కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాది సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం పని మొదలైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టాడు. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ వచ్చింది. అంటే ఓటర్లు ఎన్నుకునే మునిసిపాలిటీకి బదులు ప్రభుత్వం నియమించే కమిటీ. రోడ్లు, నీళ్లు, చెత్త, మురుగు మాత్రం కంపెనీ పట్టణ విభాగం చూసేది. తర్వాత దాన్ని జుస్కో అనే అనుబంధ సంస్థగా మార్చారు. ఇప్పుడు దాని పేరు టాటా స్టీల్ యుటిలిటీస్. దేశంలో పది లక్షల జనాభాకు అటూ ఇటూగా ఉన్న నగరాల్లో, ఒక్కసారి కూడా వార్డు ఎన్నిక చూడని నగరం ఇంకొకటి చెప్పండి.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన స్థానిక ప్రభుత్వాన్ని హక్కుగా ఇచ్చింది. అదే సవరణలో ఆర్టికల్ 243-క్యూ కింద ఒక మినహాయింపు దూరింది. ఒక పారిశ్రామిక సంస్థ మునిసిపల్ సేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నర్ ‘పారిశ్రామిక టౌన్‌షిప్’గా నోటిఫై చేస్తే అక్కడ మునిసిపాలిటీ ఏర్పాటు చేయనక్కర్లేదు. జంషెడ్‌పూర్‌కు మునిసిపాలిటీ కావాలని 1980ల నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. నోటిఫికేషన్లు వచ్చాయి, ఆగిపోయాయి. చివరికి 2023 డిసెంబర్‌లో జార్ఖండ్ ప్రభుత్వం ఈ మినహాయింపునే వాడి జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక టౌన్‌షిప్‌గా నోటిఫై చేసింది. దాన్నీ కోర్టులో సవాలు చేశారు.

ఒక మాట ఒప్పుకోవాలి. కంపెనీ క్వార్టర్లున్న వీధులు శుభ్రంగా ఉంటాయి. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, చెత్త బండి వేళకు వస్తుంది. స్వచ్ఛ సర్వేక్షణ్ జాబితాల్లో ఊరి పేరు తరచూ పైన కనిపిస్తుంది. విజయవాడ నుంచో విశాఖ నుంచో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు బిష్టుపూర్ రోడ్లు చూసి నోరు వెళ్లబెడతారు. సేవలు ఇంత బాగున్నప్పుడు ఎన్నికలు ఎందుకు, రాజకీయం ఎందుకు అని అడిగే ఉద్యోగ కుటుంబాలు మా తెలుగువాళ్లలోనూ బోలెడు.

అయితే ఈ ఊళ్లో ‘86 బస్తీలు’ అనే ఒక మాట ఉంది. ప్రతి ఎన్నికల సభలోనూ వినిపించే మాట. 2005లో లీజు పునరుద్ధరించినప్పుడు (1996 జనవరి నుంచి ముప్పై ఏళ్లకు) జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్న భూమిలో చాలా భాగాన్ని లీజు గీత అవతల వదిలేశారు. అక్కడ ఉన్నవాళ్లలో కర్మాగారంలో, దాని చుట్టూ ఉన్న చిన్న ఫ్యాక్టరీల్లో, కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసినవాళ్ల పిల్లలే ఎక్కువ. సంతాల్, హో, ముఖి, ఘాసీ, రవిదాస్ కుటుంబాలు, ఛత్తీస్‌గఢ్ నుంచీ ఒడిశా నుంచీ మా శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్లు. ఇంటి స్థలం మీద యాజమాన్య హక్కు కోసం వాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. హక్కు లేని చోట పైపు రాదు, పైపు లేని చోట మురుగు కాలువ రాదు, కాలువ లేని చోట నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. అక్కడికి న్యూసెన్స్ నియమం వస్తుంది, జరిమానా పుస్తకం పట్టుకుని.

మా వీధి చివర చేపలు అమ్మే పెద్దమ్మకు ఒకసారి అలాగే ఒక చీటీ రాశారు. చేపలు కడిగిన నీళ్లు రోడ్డు మీద పోసిందట. అది నిజమే. నాతో ఆ కాగితం చదివించుకుని, ‘నీళ్లు ఎక్కడ పొయ్యాలో అందులో రాసుందేమో సూడు నాయనా’ అంది. రాసి లేదు. నియమం ఏం చేయకూడదో చెప్పింది, చేయడానికి వేరే చోటు చూపించలేదు. ఆమె ఆ రోజు సంపాదన ఇచ్చి చీటీ తెచ్చుకుంది. మర్నాడు నీళ్లు మళ్లీ అక్కడే పోసింది, ఇంకెక్కడ పోస్తుంది?

2023లో డెంగీ ఊరంతా పాకినప్పుడు ఇదే వరస మరింత స్పష్టంగా కనిపించింది. బృందాలు ఇంటింటికీ తిరిగి డ్రమ్ములు, కూలర్లు, కుండీలు చూసి లార్వా వెతికాయి. అవసరమైన పనే, కాదనను. కానీ డెంగీ దోమ మురికి కాలువలో కంటే మనం దాచుకున్న మంచినీళ్లలోనే ఇష్టంగా గుడ్లు పెడుతుంది. మరి నీళ్లు దాచుకునేది ఎవరు? ఇరవై నాలుగు గంటలూ కుళాయి ఉన్న ఇంట్లో డ్రమ్ము అవసరం లేదు. రెండ్రోజులకోసారి ట్యాంకరు వచ్చే బస్తీలో ప్రతి గడప ముందూ మూడు డ్రమ్ములు ఉంటాయి. తనిఖీ చేసేవాడికి డ్రమ్ము కనిపిస్తుంది, ట్యాంకరు రాని రోజు కనిపించదు. ప్రజారోగ్య విభాగంలో చదువుకునే విద్యార్థులకు ఇది పాఠంలా చెప్పాల్సిన సంగతి. లార్వా లెక్క పక్కనే నీటి సరఫరా గంటల లెక్క వేసి చూస్తే, ‘అజాగ్రత్త’ అని మనం పేరు పెట్టినదాంట్లో ఎంత భాగం పైపుల మ్యాపో తేలుతుంది.

న్యూసెన్స్ చట్టం పుట్టుకే ఇంత, దళిత బహుజనులకు దానితో పనేమిటి అని అడిగే మిత్రులున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఈ చట్టాన్ని పైకి తిప్పిన ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది.

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో న్యూ రోడ్డు వాసులు 1970లలో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. అడిగింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133 సెక్షన్ కింద. ప్రజలకు హాని చేసే న్యూసెన్స్‌ను తొలగించమని ఆదేశించే అధికారం ఆ సెక్షన్ మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. 1898 నాటి పాత కోడ్‌లోనూ దాని నంబరు 133, 1973 కోడ్‌లోనూ 133. అంత మొండి సెక్షన్. వాళ్ల ఫిర్యాదేమిటి? తెరిచిన మురుగు కాలువలు, ఆల్కహాల్ ప్లాంటు నుంచి వచ్చే కంపు, పక్కనున్న మురికివాడ జనం రోడ్డు పక్కనే మలవిసర్జన చేయడం. గమనించండి, ఫిర్యాదు చేసింది సొంత ఇళ్లున్నవాళ్లు. వాళ్ల ముక్కుకు తగిలిన దుర్గంధంలో పేదవాళ్లూ ఉన్నారు. కేసు ఇక్కడి నుంచి రెండు దారుల్లో ఏ దారైనా పట్టవచ్చు. మురికివాడను ఖాళీ చేయించమనవచ్చు. లేదా మురికివాడకు మరుగుదొడ్లు కట్టించమనవచ్చు.

1980 జులైలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు రెండో దారి పట్టింది. మా దగ్గర డబ్బు లేదన్న మునిసిపాలిటీ వాదనను కోర్టు కొట్టేసింది. చట్టం పెట్టిన బాధ్యతకు ఖజానా ఖాళీ అనేది సాకు కాదంది. మరుగుదొడ్డి లేని పేదవాడు రోడ్డు పక్కన కూర్చోవాల్సి రావడం అతని నేరంగా చూడలేదు. కాలువలు కట్టాలనీ, మరుగుదొడ్లు కట్టాలనీ గడువు పెట్టి మునిసిపాలిటీని ఆదేశించింది. న్యూసెన్స్ అనేది ఆ తీర్పులో మనుషుల పేరు కాదు, జరగని పని పేరు.

ఇరవై ఏళ్లకు అదే కోర్టు ఇంకో దారి పట్టింది. 2000 ఫిబ్రవరిలో అల్మిత్రా పటేల్ కేసు వచ్చింది. అది చెత్త గురించిన కేసు, ఢిల్లీ నగరం చెత్తను ఎలా ఎత్తాలన్న కేసు. అందులో సుప్రీంకోర్టు మురికివాడల మీద వ్యాఖ్య చేస్తూ, ప్రభుత్వ భూమిని ఆక్రమించినవాడికి ఉచితంగా ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వడాన్ని జేబుదొంగకు బహుమానం ఇవ్వడంతో పోల్చింది. చెత్త గురించి మొదలైన వాదన చెత్త పక్కన బతికేవాళ్ల గురించి ముగిసింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఢిల్లీ కోర్టుల్లో న్యూసెన్స్ అనే భావన అర్థం ఎలా మారిందో, మురికివాడ ఉండడమే న్యూసెన్స్ అయిపోయిన తీరు ఎలాంటిదో అషర్ గెర్ట్‌నర్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు వివరంగా రాశాడు. మన విశ్వవిద్యాలయాల్లో పట్టణ అధ్యయనాలు చేసేవాళ్లు రత్లాంను, అల్మిత్రా పటేల్‌ను పక్కపక్కన పెట్టి చదవాలని నా కోరిక. ఈ మధ్య ‘కులం లేని’ పట్టణ ప్రణాళిక పాఠాలు ఎక్కువయ్యాయి మరి.

జంషెడ్‌పూర్‌లో రత్లాం దారి పట్టడానికి ఒక చిక్కుంది. రత్లాంలో ప్రజలు వేలెత్తి చూపించడానికి ఒక మునిసిపాలిటీ ఉంది. దాని విధులు చట్టంలో రాసి ఉన్నాయి. ఇక్కడ వేలు ఎటు చూపించాలి? లీజు గీత లోపల కంపెనీ, బయట కమిటీ, నది దాటితే మాంగోలో వేరే సంస్థ, పక్కనే జుగ్సలాయిలో ఇంకొకటి, ఆదిత్యపూర్ అయితే జిల్లాయే వేరు. సుబర్ణరేఖలో, ఖర్కాయ్‌లో కలిసే మురుగుకు ఈ గీతలు తెలియవు. లీజు ఒప్పందం రాష్ట్రానికీ కంపెనీకీ మధ్య కాగితం, అందులో బస్తీ మనిషి పార్టీ కాడు. సేవ చేసే సంస్థ ముందు అతను వినియోగదారుడు, అదీ బిల్లు కడితే. పౌరుడిగా నిలబడే చోటు ఆ ఏర్పాటులో ఎక్కడా లేదు. జరిమానా చీటీ మీద మాత్రం అతని పేరు తప్పు లేకుండా రాస్తారు.

అయినా చట్టం పూర్తిగా మూసుకుపోలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తీసి చూడండి. అవి ఎవరికి వర్తించేవో చెప్పే రెండో నియమంలోనే నోటిఫైడ్ ప్రాంతాలు, నోటిఫైడ్ పారిశ్రామిక టౌన్‌షిప్‌లు పేరు పెట్టి ఉండేవి. మునిసిపాలిటీ లేదు కాబట్టి మాకు వర్తించదు అనడానికి వీలుండేది కాదు. ఆ నియమాల్లో తడి చెత్త పొడి చెత్త వేరు చేయని ఇంటికి అక్కడికక్కడే జరిమానా ఉండేది. అదే నియమాల్లో, అదే అక్షరాల సైజులో, పారిశుధ్య కార్మికులకు యూనిఫాం, చేతి తొడుగులు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు ఇచ్చేలా చూడాలని ఉండేది. చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని ఉండేది. మొదటి రకం నియమాన్ని అమలు చేయడానికి సిబ్బంది, చీటీ పుస్తకం, పత్రికలో ఫొటో అన్నీ ఉంటాయి. రెండో రకం అమలయిందో లేదో తెలుసుకోవాలంటే పొద్దున్నే లేచి వీధి ఊడ్చే ఆవిడ చేతులు చూడాలి.

ఆ చేతులు ఎవరివో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పాలా? జూలియన్ కెన్నెడీతో మొదలుపెట్టి ఈ ఊరికి నలుగురు ప్లాన్లు గీశారు. రెండోవాడు ఎఫ్.సి. టెంపుల్ స్వయంగా శానిటరీ ఇంజనీరు. చివరివాడు ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ నాజీ జర్మనీ నుంచి తప్పించుకు వచ్చిన యూదుడు, మనిషిని మురికిగా చూడడమంటే ఏమిటో తెలిసినవాడు. ఇంత ప్లాను జరిగిన ఊళ్లో, బిష్టుపూర్ పక్కనే ధత్కీడీహ్‌లో, నేటికీ జనం ‘హరిజన బస్తీ’ అని పిలిచే వాడ ఉంది. ఊరు శుభ్రంగా ఉండాలంటే శుభ్రం చేసేవాళ్లు దగ్గర్లోనే, కానీ వేరుగా ఉండాలన్న పాత గ్రామ సూత్రం ఆధునిక ఉక్కు నగరంలోకి అలా నడిచి వచ్చింది. మనువు గీసిన ఊరి ప్లానుకు ఇంజనీర్లు నీలం కాగితం వేశారంతే.

వలస కాలపు మునిసిపల్ చట్టాలు ఈ పని ఇంకా సూటిగా చేశాయి. 1911 పంజాబ్ చట్టంలో, 1916 యునైటెడ్ ప్రావిన్సెస్ చట్టంలో ‘ఆచారపు పాకీవాడు’ తన పని సరిగా చేయకపోతే శిక్షించే సెక్షన్లున్నాయి. ఇంటి యజమాని మురికి చేస్తే జరిమానా, ఊడ్చేవాడు ఊడ్వకపోతే శిక్ష. ప్రజారోగ్యం పేరుతో కులవృత్తిని చట్టబద్ధమైన బాధ్యత చేశారు. ఇప్పుడు 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దించినవాడికి మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. 2023 అక్టోబర్‌లో బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగినట్టు వార్తలు వచ్చాయి. రెండేళ్లు జైలుకు వెళ్లిన కాంట్రాక్టరు వార్త నేనింకా చదవలేదు.

కంపెనీ ఊరు అనగానే మనకు గుర్తు రావాల్సిన ఇంకో ఊరుంది. కోలార్ బంగారు గనులు. అక్కడ గని టౌన్‌షిప్‌లో పొడి మరుగుదొడ్లు ఎత్తిన కుటుంబాలు తెలుగు మాట్లాడే దళితులు. ఆ ఇళ్లలో ఒకదాంట్లో పుట్టిన బెజవాడ విల్సన్ 1980లలో యాజమాన్యానికి ఉత్తరాలు రాయడంతో మొదలుపెట్టారు. ఫొటోలు తీశారు, 1993 చట్టాన్ని ముందు పెట్టారు, చివరకు ఆ మరుగుదొడ్లను మార్పించారు. సఫాయి కర్మచారి ఆందోళన్ అక్కడి నుంచే పెరిగింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు తెచ్చుకుంది, 2016లో విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చింది. నాకు ఆ కథలో అవార్డు కంటే మొదటి ఉత్తరం ముఖ్యం. బంగారం తవ్వే సంస్థ తన గడపలోనే మనిషి చేత మలం ఎత్తించడాన్ని నేరమని పేరు పెట్టి అడిగిన ఉత్తరం అది. న్యూసెన్స్ ఎవరు అన్న ప్రశ్నకు అక్కడ సమాధానం తిరగబడింది.

మునిసిపాలిటీ వస్తే అన్నీ సర్దుకుంటాయా? బాబాసాహెబ్‌ను చదివినవాళ్లు ఆ మాట అనరు. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద నియమం ఉంది. మూడేళ్లపాటు అంటరానివాళ్లెవరూ ఆ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చిలో బాబాసాహెబ్ నడిచి వెళ్లి తాగాక, సవర్ణులు చెరువును ఆవుపేడతో, మూత్రంతో ‘శుద్ధి’ చేశారు. ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. బాంబే హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. ప్రజారోగ్య దృష్టితో చూస్తే ఆ చెరువులో పేడ కలిపినవాళ్లే న్యూసెన్స్. ఆ కేసు ఎవరూ పెట్టలేదు.

కాబట్టి ఎన్నిక ఒక్కటే చాలదు. అయినా ఆర్టికల్ 243-టి మునిసిపాలిటీలో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు, మహిళలకు మూడో వంతు ఇస్తుంది. పారిశ్రామిక టౌన్‌షిప్ కమిటీకి ఆ ఆర్టికల్ అంటదు. జరిమానా రేటు నిర్ణయించే గదిలో ముఖి కులపు మహిళ ఒకరు కుర్చీలో కూర్చునే అవకాశాన్ని ఒక్క నోటిఫికేషన్ తీసేసింది. మా ఊళ్లో ఈ చర్చను ‘కంపెనీ మంచిదా, నాయకులు మంచివాళ్లా’ అన్న పోటీగా మార్చేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. ఇంకో ముడి కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. తూర్పు సింగ్‌భూమ్ ఐదో షెడ్యూల్ ప్రాంతం. ఆర్టికల్ 243-జెడ్‌సి ప్రకారం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే తప్ప మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. ఆదివాసీ సంఘాలు మామూలు మునిసిపాలిటీని వ్యతిరేకించడంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఈ ఊరు మొదట వాళ్ల ఊళ్ల మీద కట్టింది. బస్తీ దళితుడి వార్డు హక్కునూ ఆదివాసీ స్వపరిపాలననూ కలిపి నిలబెట్టే చట్టం కోసం అడగడం మన పని. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని ఆపడం ప్రభుత్వం పని, అది బాగానే చేస్తోంది.

ఆ చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్నది వాడాలి. పాత 133 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. నంబరు మారింది, అధికారం అదే. కాలువ లేక ఇళ్లలోకి మురుగు వచ్చే బస్తీ, వార్డు పేరుతో, ఫొటోలతో, తేదీలతో ధాల్‌భూమ్ ఎస్‌డీఓ కోర్టులో దరఖాస్తు పెట్టవచ్చు. ప్రతివాదులుగా నోటిఫైడ్ ఏరియా కమిటీని, సేవలు అందించే సంస్థను, జిల్లా యంత్రాంగాన్ని ముగ్గురినీ చేర్చాలి. బాధ్యత ఎవరిదో వాళ్లు మేజిస్ట్రేట్ ముందు ఒకరి మీద ఒకరు చెప్పుకోనీ, అదంతా రికార్డులోకి ఎక్కుతుంది. రాంచీలో, హైదరాబాద్‌లో న్యాయశాస్త్రం చదివే మన పిల్లలకు సెలవుల్లో ఇంతకంటే మంచి ఇంటర్న్‌షిప్ దొరకదు.

అంతకంటే చిన్న పని, ఈ వారమే చేయగలిగింది, సమాచార హక్కు దరఖాస్తు. గత మూడేళ్లలో చెత్త, మురుగు, నీటి నిల్వ పేరిట రాసిన జరిమానాలు ప్రాంతాల వారీగా ఎన్ని, ఎంత వసూలైంది అని ఒక ప్రశ్న. అదే మూడేళ్లలో పారిశుధ్య కార్మికులకు ఎన్ని జతల తొడుగులు, ఎన్ని జతల బూట్లు ఇచ్చారు, తీసుకున్నట్టు సంతకాల రిజిస్టరు ఎక్కడుంది అని రెండో ప్రశ్న. ఏ బస్తీలో ఎన్ని మీటర్ల మూసిన కాలువ కట్టారని మూడోది. మూడూ ఒకే కాగితం మీద అడగండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయడం మరచిపోకండి.